పూలజడ – పుష్పకైంకర్యము

పుష్పము పూజాద్రవ్యము. అలంకారద్రవ్యమును అదియే. స్వామి పాదములపై ఉంచిన మల్లెయు, పెండ్లికూతురి జడలో కుట్టిన మల్లెయు ఒకే పాదున పూచినవి. ఒకటి పుణ్యమును, రెండవది కేవలము సొగసును కలిగించునని తలచుట సులభము. కాని మన సంప్రదాయము అట్లు తలపలేదు. తలపై ముడిచిన పూవు కూడ కైంకర్యము కాగలదనియు, కాకపోవుటయు కలదనియు, ఆ భేదము పూవులో లేదనియు పెద్దలు చూపిరి. ఆ భేదము ఎచ్చట ఉన్నదో విచారించి, పూలజడను కట్టు విధమును కూడ తెలిసికొనుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా ఒక సందేహమును తీసికొందము. వైష్ణవులు శ్రీరంగమును భోగమండపమనియు, కాంచీపురమును త్యాగమండపమనియు, తిరునారాయణపురమును జ్ఞానమండపమనియు, తిరుమలను పుష్పమండపమనియు పేర్కొందురు. తిరుమలపై పూచిన ప్రతి పూవును స్వామిదే. కావుననే ఆ కొండపై స్త్రీలు తలలో పూలు ముడువరు. స్వామికి సమర్పించిన పూలను భక్తులకు పంచుటయు అచ్చట ఆచారము కాదు. వానిని పూలబావిలో విడుచుట పూర్వాచారము. విజయవాడనుండి, బందరునుండి, దివిసీమనుండి బయలుదేరిన మన స్త్రీలు అలిపిరి చేరగానే తలలోని పూలను తీసి ప్రక్కన పెట్టుదురు. ఆ స్త్రీలే ఇంటికి వచ్చి, కుమార్తె వివాహమునకు పాపిట వెనుకనుండి నడుము వరకు పూలతో జడను కప్పుదురు. కొండపై విడువవలసినది ఇంట ధరింపదగినది ఎట్లయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిన, పూలజడ తత్త్వమంతయు తెలిసినట్లే.

శాస్త్రము చెప్పిన పేర్లు

అమరసింహుడు తన కోశమున మనుష్యవర్గములో పూలమాలలకు చెప్పిన పేర్లను పాఠశాలలలో వల్లించిన వారెల్లరు ఎరుగుదురు. ఒకే మాలకు, అది ఉన్న చోటును బట్టి వేరు వేరు పేర్లు కలవు. శిరస్సుపై ఉంచినది మాల్యము. కేశముల నడుమ ఇమిడ్చినది గర్భకము. శిఖనుండి క్రిందికి వ్రేలాడునది ప్రభ్రష్టకము. ముందువైపున నొసటిమీదికి దిగినది లలామకము. కొప్పునకు చుట్టినది ఆపీడము, శేఖరము. మెడనుండి తిన్నగా దిగినది ప్రాలంబము. ఱొమ్మున అడ్డముగా, యజ్ఞోపవీతమువలె వేసినది వైకక్షికము. మన యిండ్లలో నేడు కనబడు అలంకారములన్నియు ఈ పట్టికలో ఇముడును. కొప్పుచుట్టు దండ ఆపీడము. జడపాయలలో తురిమిన పూలచెండు గర్భకము. జడవెంట దిగిన పూలజడ ప్రభ్రష్టకమునకు చేరువైనది.

భరతముని నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమును చెప్పుచు, మాల్యమును వేష్టితము, వితతము, సంఘాత్యము, గ్రంథిమము, ప్రలంబితము అని ఐదు విధములుగా విభజించెను. చుట్టినది, పరచినది, గుత్తిగా కూర్చినది, ముడివేసి కట్టినది, వ్రేలాడదీసినది అని ఆ పదముల స్థూలార్థము. పూలజడను చూడుడు. అడుగున పరుపువలె కుట్టిన మొగ్గలు వితతము. నడుమ కనకాంబరపు దండ గ్రంథిమము. పైన గుండ్రని బిళ్ళ సంఘాత్యము. చివర కుచ్చులు ప్రలంబితము. మొదట జడచుట్టు త్రిప్పిన వరుస వేష్టితము. ఐదు విధములును ఒక్కచోట కూడిన అలంకారము ఇంతకంటె వేరొకటి కనబడదు.

మాల్యగ్రథనమును, శేఖర–ఆపీడములను కూర్చుటయు అరువదినాలుగు కళలలో చేరినవి. సాందీపని యొద్ద రామకృష్ణులు అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలను అభ్యసించిరని భాగవతము చెప్పుచున్నది. అనగా పూలు కట్టు విద్యను స్వామియే గురుముఖమున నేర్చెను. బృందావనమున ఆయన తలపై నున్న నెమలిపింఛపు అలంకారమునకు భాగవతకర్త వాడిన పదము కూడ ఆపీడమే. కావున ఈ విద్యను కేవలము ఆడువారి పొద్దుపోకగా ఎంచుట తగదు.

కృష్ణాతీరమున రెండు క్షేత్రములు, ఇద్దరు నాయికలు

కృష్ణాజిల్లాలో మొవ్వ, ఘంటసాల మండలములు పొరుగుపొరుగుననే ఉన్నవి. మొవ్వ మండలమున కూచిపూడి కలదు. ఘంటసాల మండలమున ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళము కలదు. ఈ రెండు గ్రామములు ఇద్దరు నాయికలను తెలుగువారికి ఇచ్చినవి. ఇద్దరి కథకును తలపూలే మూలము.

కూచిపూడి ఇచ్చినది సత్యభామను. సిద్ధేంద్రయోగి రచించెనని చెప్పెడి భామాకలాపమున ఆమె ప్రవేశమునకు ముందే ఆమె జడ ప్రవేశించును. వేషధారి తెరవెనుక నిలిచి, అలంకరించిన జడను తెరపైనుండి సభవైపు వేయుట పూర్వాచారము. శాస్త్రమున, అభినయమున తన్ను మించినవారు సభలో ఉన్న ముందుకు రావచ్చుననియు, ఓడినచో జడను కోసి యిత్తుననియు దాని భావము. సూర్యచంద్రులను, నాగరమును, బిళ్ళలను తాల్చిన ఆ జడ విశ్వమునకే సంకేతమని నాట్యాచార్యులు వివరింతురు. కూచిపూడి బ్రాహ్మణకుటుంబముల మగపిల్లలు జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనను నియమమును ఏర్పరచుకొనిరి. 2012వ సంవత్సరమున పరమపదించిన వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషమునకు దేశమంతట ప్రసిద్ధి తెచ్చిరి. ఆయన జడ పట్టుకొని నడచిన తీరును చూచినవారు నేటికిని తలచుకొందురు.

సత్యభామ కోపమునకు కారణము కూడ ఒక తలపూవే. నంది తిమ్మన పారిజాతాపహరణమున చెప్పిన కథ మనకు సుపరిచితము. నారదుడు తెచ్చిన పారిజాతమును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చెను. ఆమె సిగలో ముడిచెను. ఆ వార్త సత్యకు చేరెను. ఒక పూవు మరొకరి తలలో ఉన్నదను తలపు ఆమెను కోపగృహమునకు చేర్చినది. పూవు చెడ్డది కాదు. దానిని "నాది", "ఆమెది" అని పంచుకొను బుద్ధియే దుఃఖహేతువైనది. భామాకలాపమున సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ అని పెద్దలు చెప్పుదురు. ఎవరికిని తలవంచని జడతో ప్రవేశించిన ఆమె, తుదకు విరహమున గర్వము కరగి స్వామిని చేరును.

శ్రీకాకుళము ఇచ్చినది గోదాదేవిని. ఆమె పుట్టినది పాండ్యదేశపు శ్రీవిల్లిపుత్తూరున. కాని తెలుగు కావ్యమున అవతరించినది మన శ్రీకాకుళమున. 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సమయమున ఈ క్షేత్రమున ఉపవసించి నిదురించగా, ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి, తనకు మాల ధరించి యిచ్చిన గోదాదేవి కథను తెలుగున చెప్పుమని ఆజ్ఞాపించెనని రాయలే తన కావ్యావతారికలో తెలిపెను. దాని ఫలమే ఆముక్తమాల్యద.

గోద తండ్రియైన విష్ణుచిత్తుడు తోట పెంచి, పూలు కోసి, మాల కట్టి వటపత్రశాయికి అర్పించువాడు. ఆయన ఎరుగకుండ గోద ఆ మాలను ముందుగా తాను ధరించి, స్వామికి తగినట్లున్నానా యని నీటిలో నీడ చూచుకొని, మరల బుట్టలో ఉంచెడిది. తండ్రి తెలిసికొని, అది ఉచ్ఛిష్టమైనదని వేదనపడి, వేరు మాల కట్టి తీసికొనిపోగా, స్వామి ఆమె ధరించిన మాలయే తనకు కావలెనని కోరెను. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరునుండి గోదాదేవి ధరించిన మాలలు వచ్చుట అందరు ఎరిగినదే. పుష్పమండపమని పేరొందిన తిరుమలలో, ఇతర స్త్రీలు తలలో పూవు ముడువని ఆ కొండపై, ఒక స్త్రీ ధరించిన మాలను స్వామి కంఠమున ధరించుచున్నాడు.

"ఆముక్తమాల్యద" అను పేరున ఒక వ్యాకరణ విశేషము కలదు. ముచ్ ధాతువునకు విడుచుట యని అర్థము. ముక్తము అనగా విడువబడినది. ఆ ధాతువునకే "ఆ" అను ఉపసర్గ చేరగా "ఆముక్తము" ధరింపబడినది యగును. ఒక్క అక్షరముతో విడిచినది ధరించినదిగా మారినది. ధరించి, విడిచి, ఇచ్చినది గోద. సత్యభామ ధరించినది, విడుచుటకు చాల కాలము పట్టినది. ఇద్దరును భగవత్పత్నులే, ఇద్దరును భూదేవి అంశలే యని పెద్దల మాట. కావున ఇచ్చట నింద ఎవరికిని లేదు. తలపై పూలు పెట్టుకొన్న మనకు రెండు దారులు కలవని మాత్రమే ఈ కథలు చూపుచున్నవి.

భాగవతమున మరొక నిదర్శనము

రాసలీలాఘట్టమున గోపికలు అదృశ్యుడైన కృష్ణుని వెదకుచు ఇసుకపై అడుగుజాడలను చూతురు. ఒకచోట మునివ్రేళ్ళ ముద్రలు మాత్రమే కనబడును. ఇచ్చట స్వామి ప్రియురాలికై కొమ్మ వంచి పూలు కోసెను. ఇచ్చట కూర్చుండి ఆమె కేశములలో ఆ పూలు ముడిచెను, అని వారు ఊహింతురు. కొంతదూరము పోగా ఆ గోపికయే ఒంటరిగా ఏడ్చుచు కనబడును. స్వామియే తన జడను అలంకరించినాడను గర్వముతో, నడువలేను, మోసికొనిపొమ్మని ఆమె అడిగినది. ఆ క్షణమున స్వామి అంతర్ధానమయ్యెను.

స్వామి స్వహస్తములతో ముడిచిన పూలకంటె పవిత్రమైనవి ఏమి ఉండును? అట్టి పూలు కూడ గర్వమును ఆపలేదు. ఇందువలన తెలియునది ఏమనగా, పూలు స్వామికి అర్పించినవి యైనంత మాత్రముననే పని తీరదు. ధరించువారి భావము కూడ శుద్ధముగా నుండవలెను. మరొక ప్రక్క మథురలో సుదాముడను మాలాకారుడు కలడు. రామకృష్ణులు ఇంటికి రాగా పరిమళించు మాలలు వారికి వేసి, తనకు ఏమియు కోరక, అచంచలమైన భక్తిని, భాగవతుల స్నేహమును, భూతదయను మాత్రమే వేడెను. పూలు కట్టు ప్రతి చేతికిని అతడు గురువు. ఏకాదశస్కంధమున ఉద్ధవుడు, స్వామి ధరించి విడిచిన మాలలను, గంధమును, వస్త్రములను ధరించుటయే మాయను దాటు ఉపాయముగా విన్నవించెను.

ఇప్పుడు మొదటి సందేహమునకు సమాధానము దొరకినది. తిరుమలపై పూవును విడుచుట శేషియైన స్వామికే సమస్తమును చెందునని ఒప్పుకొనుట. ఇంట పూవును ధరించుట, మనము ఆయనకు శేషభూతులమని, ఆయన ప్రసాదముగా దానిని అందుకొనుట. కొండపై నేర్చిన పాఠమునే ఇంట ఆచరింపవలెను. ఆ రెంటికిని విరోధము లేదు.

పెండ్లి పూలజడ కట్టు విధము

కన్యాదానమున వరుని లక్ష్మీనారాయణస్వరూపునిగా సంభావించి కన్యను ఒసగుదురు. కావున పెండ్లికూతురిని అలంకరించుట ఉత్సవమూర్తిని అలంకరించుటతో సమానము. ఆ శ్రద్ధతోనే పని ప్రారంభింపవలెను.

మన ప్రాంతమున ఫాల్గుణమునుండి జ్యేష్ఠము వరకు మల్లెల కాలము. మైలవరము ప్రాంతపు తోటలనుండి విజయవాడకు మల్లెలు వచ్చును. మల్లెమొగ్గను తెల్లవారుజామున కోయుదురు. అది సాయంకాలమునకు విచ్చును. ఈ ధర్మమును గమనించి జడ కట్టవలెను. రాత్రి ముహూర్తమైనచో మధ్యాహ్నము కట్టిన జడ సరిగా మంటపమున విచ్చి పరిమళించును. గట్టిగా ఉన్న, కాడ విరుగని, ఒకే పొడవు గల మొగ్గలను ఏరి, తడిబట్టపై పరచి, అరటియాకుతో కప్పవలెను. నీటిలో ముంచరాదు, ముంచిన మొగ్గ మచ్చపడును.

ఏరిన మొగ్గలలో మొదటి దోసెడు వేరు చేసి, ఇంటి దేవునికి మాల కట్టుట ప్రథమకర్తవ్యము. ఆ మాల స్వామికి వేసిన పిమ్మటనే సూది పట్టవలెను. వాసన చూచిన పూలు, నేల రాలిన పూలు, పురుగు తాకిన పూలు ఆ దోసెటిలో ఉండరాదు.

జడపై సూటిగా కుట్టు పద్ధతి ఒకటి. అరటిపట్టపైనో, సన్నని అట్టముక్కపైనో కుట్టి, పిదప జడకు కట్టు పద్ధతి మరొకటి. మొదటి పద్ధతిలో పిల్ల గంటల తరబడి కదలక కూర్చుండవలెను. వేసవి సెలవులలో చిన్నపిల్లలకు పూలజడ వేసి, వెనుక అద్దము పెట్టి ఫొటో తీయించిన తల్లులకు ఆ అవస్థ తెలియును. పెండ్లిదినమున ఉపవాసముతో ఉన్న కన్యకు రెండవ పద్ధతియే మేలు. పట్టను జడ పొడవునకు, రెండు వ్రేళ్ళ వెడల్పుకంటె కొంచెము ఎక్కువగా కోసికొని, క్రిందికి పోను పోను సన్నము చేయవలెను.

మొగ్గల తలలు రెండు అంచుల వైపునకు, కాడలు నడుమకు వచ్చునట్లు వరుసగా పేర్చి, సూదిని కాడలోనుండి పోనిచ్చి కుట్టవలెను. రేకుల భాగమును సూది తాకిన మొగ్గ విచ్చకయే వాడును. వరుసకును వరుసకును గోటిమందము ఎడము విడువవలెను. మొగ్గ విచ్చినప్పుడు ఆ ఎడము నిండును. ఎడము లేక బిగించిన పూలు సాయంకాలమునకు ఒకదానినొకటి నెట్టుకొని ఊడిపోవును. నడుమ కనబడు కాడలపై కనకాంబరముల దండను పరచి కుట్టిన, తెలుపు నడుమ ఎఱుపు గీత తీరును. కనకాంబరమునకు వాసన లేదు, కాని త్వరగా వాడదు. మల్లెకు వాసన కలదు, కాని నిలువదు. ఒకదాని కొరతను మరొకటి తీర్చును. అంచులలో మరువమును, దవనమును చేర్చిన పూవు వాడిన పిదప కూడ ఆకు పరిమళము మిగులును. వానకాలమున మొగలిరేకులను, శీతకాలమున చేమంతులను వాడవచ్చును. మొగలిరేకు అంచుల ముండ్లను కత్తితో తీసి, తడిబట్టతో తుడిచి మడవవలెను. తులసిని మాత్రము అలంకారముగా జడలో కుట్టవలదు. అది స్వామి పాదములకు చెందినది.

ఒక ముఖ్యనియమమును ఇటీవల పెక్కుచోట్ల మరచుచున్నారు. ముహూర్తసమయమున వధూవరులు ఒకరి శిరస్సుపై మరొకరు జీలకఱ్ఱ బెల్లమును ఉంచుదురు. అది నడినెత్తిన ఉంచవలసినది. పూలబిళ్ళలతో, సూదులతో, పాపిటబిళ్ళ గొలుసులతో నడినెత్తి కప్పిన, పెద్దలు సుముహూర్తమున చోటు వెదకవలసివచ్చును. అలంకారము సంస్కారమునకు అడ్డు కారాదు. కావున పూలజడ నడినెత్తికి వెనుక, జడమొదటినుండియే మొదలు కావలెను. పట్టను జడమొదట రెండు ప్రక్కల కట్టి, నడుమ మరొకచోట, చివర కుచ్చులయొద్ద ఇంకొకచోట కట్టిన, బరువు ఒక్కచోట పడదు. పిల్లకు మెడ నొప్పి రాదు.

నాట్యవేషమునకు కొన్ని భేదములు

పెండ్లికూతురు కూర్చుండును, నర్తకి ఆడును. ఇదియే ప్రధానభేదము. అభినయదర్పణమున శిరోభేదములు తొమ్మిది చెప్పబడినవి. తలను చుట్టు త్రిప్పు ఆలోలితమున, ఇరుప్రక్కల ఊపు ధుతమున, పైకి ఎత్తు ఉద్వాహితమున కూడ పూలు చెదరకుండవలెను. వేషము ముగిసిన పిదప నర్తకి ఈ తొమ్మిదింటిని ఒకమారు చేసి చూచుకొనుట మంచి పరీక్ష.

నాట్యమునకు గ్రుచ్చిన పూలకంటె ముడివేసి కట్టిన పూలు, అనగా గ్రంథిమము, శ్రేష్ఠము. గ్రుచ్చిన దారము ఒకచోట తెగిన పూలన్నియు రాలును. ముడివేసిన దండలో ఒక పూవు ఊడినను తక్కినవి నిలుచును. తడిపిన అరటినార ఆరినకొలది బిగియును గనుక దారముకంటె మేలు. కూచిపూడివారు తరంగము ఆడునప్పుడు పళ్ళెము అంచులపై నిలిచి పాదములను కదుపుదురు. ఆ సమయమున రాలిన పూవు పాదము క్రింద పడిన జారి పడుదురు. పూవును త్రొక్కిన దోషమును కలుగును. కావున పూలను కొప్పుచుట్టు ఆపీడముగా కొన్ని మాత్రమే ఉంచి, జడకు తేలికకఱ్ఱతోనో, లోహముతోనో చేసిన బిళ్ళలను వాడుట యుక్తము. దీపకాంతి వేడికి మల్లె వాడునను భయమున్నచో, చెరువులలో పెరుగు జీలుగు బెండుతో చేసిన పూలను వాడవచ్చును. ఆ బెండు అతితేలికయైనది; మట్టిలో కలిసిపోవునది; పెండ్లి బాసికములకు మనవారు వాడినది.

కొన్ని సందేహములు

ప్లాస్టిక్ పూలజడ వాడవచ్చునా యని నేడు పలువురు అడుగుచున్నారు. పూజాద్రవ్యమునకు వాసన, వికాసము, వాడుట అను ధర్మములు కలవు. వాడుట కూడ ధర్మమే. ఉదయము వికసించి సాయంకాలమునకు వాడునదానిని అర్పించినప్పుడే, మనది కూడ అట్టి జీవితమే యను వివేకము కలుగును. వాడని పూవు ఆ పాఠము చెప్పదు. అద్దెకు తెచ్చి, పది పెండ్లిండ్లకు త్రిప్పిన ప్లాస్టిక్ జడకంటె, ఒక మూర మల్లెలు పెట్టిన కన్య శోభిల్లును.

వేల రూపాయలు పెట్టలేని తండ్రి ఏమి చేయవలెను? తులాభారకథను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సత్యభామ ధనరాశులు తూచలేని స్వామిని రుక్మిణి తులసీదళము తూచెను. పెరటి చేమంతులు, రెండు మరువపు కొమ్మలు చాలును. పూలజడ లేనందున పెండ్లికి లోపమని శాస్త్రము ఎచ్చటను చెప్పలేదు.

మూడవ సందేహము మిక్కిలి ముఖ్యమైనది. భర్త గతించిన తల్లి కూతురి పూలజడను తాకరాదని కొన్ని యిండ్లలో నిషేధించుచున్నారు. పదునెనిమిదేండ్లు ఆ పిల్లకు జడ వేసిన చేతులను, పెండ్లినాడు పూలబుట్టకు దూరముగా కూర్చుండబెట్టుచున్నారు. పిల్ల కన్నీటితో పీటలపైకి పోవును. తల్లి వంటయింటి తలుపు చాటున నిలుచును. దీనికి ఆధారమేమి? అశుభమని సమాధానము చెప్పుదురు.

ఇచ్చట గోదాదేవి కథను మరల తలపవలెను. ఆమె ధరించిన మాల నియమమును బట్టి అర్పణకు పనికిరానిది. ఆ మాట అన్నవాడు సామాన్యుడు కాడు. ఆళ్వారు, పుష్పకైంకర్యమునకే అంకితమైన పరమభాగవతుడు, ఆమె తండ్రి. ఆయన చెప్పిన నియమము తప్పు కాదు. అయినను స్వామి ఆ నియమమును ప్రేమకు లోబరచెను. ఏది పనికిరాదనిరో దానినే కోరెను. నాటినుండి ఆ మాలయే మనకు ప్రమాణమైనది. పూవు కట్టుటకు అర్హతనిచ్చునది ప్రేమయని స్వామియే తీర్పు చెప్పిన పిదప, కన్నతల్లి చేతికి అర్హత లేదని చెప్పుటకు మనమెవరము? తల్లికంటె ఆ పిల్ల శుభమును కోరువారు ఆ పందిటిలో ఎవరున్నారు? దేవాలయములలో చాత్తాద శ్రీవైష్ణవులు తరతరములుగా పుష్పకైంకర్యము చేసిరి. మథురలో మాలాకారుడు చేసెను. తిరుమలలో రామానుజాచార్యుల ఆజ్ఞపై అనంతాళ్వారు తోట వేసి చేసెను. వీరిలో ఎవ్వరి కైంకర్యమును స్వామి వారి స్థితిని బట్టి తూచలేదు. కావున అట్టి తల్లియున్న యింట పెద్దలు తామే ముందుకు వచ్చి, మొదటి మొగ్గను ఆమె చేత కుట్టింపవలెనని నా ప్రార్థన. స్వామికి వేసిన మాలనుండి ఒక్క పూవును ఆమె చేతికిచ్చి, జడమొదట ఉంచుమనుడు. అది ప్రసాదము. ప్రసాదమునకు అశుభము అంటదు.

నిర్మాల్యవిధి

పెండ్లి ముగిసిన పిదప పూలజడను మూల పడవేయుటయు, కాలువలో విసరుటయు తగదు. దారమును, అట్టను వేరుచేసి, పూలను మొక్కల మొదట వేసి మట్టి కప్పవలెను. మన డెల్టా కాలువల నీరు పొలములకును, త్రాగుటకును పోవునది. దానిని కలుషితము చేయుట కృష్ణవేణికి అపచారము. తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ ఆలయములలో వాడిన పూలతో 2021వ సంవత్సరమునుండి అగరువత్తులు చేయించుచున్నారు. పూవు నిర్మాల్యమైన పిదపను సేవ చేయగలదని ఇందువలన తెలియుచున్నది. నేడు జడనుండి వచ్చిన మల్లె ఎరువై, వచ్చు వైశాఖమున మరల స్వామి మాలకు మొగ్గనిచ్చును.

ధనుర్మాసమున ముప్పది దినములు తిరుప్పావై సేవించి, భోగినాడు గోదాకల్యాణమును కన్నులపండువుగా చూచు గృహిణులు ఆనాడు గోదాదేవి ఒక ప్రక్కకు ఒరిగిన కొప్పును, దానిచుట్టు ఉన్న పూలను తప్పక దర్శింపవలెను. ఆమె పూలు ముడిచినది స్వామికి తాను తగుదునా యని చూచుకొనుటకు. మన యింటి ఆడపడుచుల తలలలో పూలు ముడుచునప్పుడు ఆ ప్రశ్నయే మన మనస్సులో ఉండుగాక.

శ్రీగోదారంగనాథార్పణమస్తు.